డీజిల్ పికప్‌కు రెండో ట్యాంకు: బండి ట్యాంకుకు కలపాలా, వేరుగా మోయాలా?

గాలిమర:

మిత్రులకు నమస్కారం. నేను ఉరవకొండ, వజ్రకరూరు ప్రాంతంలో గాలిమరలకు దారులు, పునాదుల మట్టిపని చేసే చిన్న కాంట్రాక్టరును. నా దగ్గర బీఎస్-6 (కొత్త కాలుష్య ప్రమాణాల) ఇసుజు వీ-క్రాస్ పికప్ ఉంది. మన శ్రీసిటీలో తయారైన బండి కనుక కొంచెం అభిమానంతోనే కొన్నాను గానీ, పాత రెండున్నర లీటర్ల ఇంజను మోడల్‌కు 76 లీటర్ల ట్యాంకు ఇచ్చినవారు దీనికి 55 లీటర్లతో సరిపెట్టడం మాత్రం నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు.

సైటులో రెండు జేసీబీలు, ఒక జనరేటరు నడుస్తాయి. ఒక్కో జేసీబీ గంటకు ఐదారు లీటర్లు తాగుతుంది. బంకుకు రానూపోనూ 50 కిలోమీటర్లు అవుతుంది కాబట్టి ప్రస్తుతం రోజు విడిచి రోజు క్యాన్లలో డీజిలు తెచ్చి, గరాటు పెట్టి పోస్తున్నాము. గాలి ఎక్కువగా ఉండే చోటు కనుకనే అక్కడ మరలు పెట్టారు. ఆ గాలికి ఎర్రమట్టి ధూళి గరాటులో పడకుండా ఒక మనిషి తువ్వాలు అడ్డం పట్టుకుని నిలబడాల్సి వస్తోంది.

అందుకని బండి వెనుక బాడీలో, క్యాబిన్ గోడకు ఆనించి, 150 లీటర్ల ట్యాంకు ఒకటి చేయించి బిగించాలని అనుకుంటున్నాను. దానికి అడుగున ఒక కుళాయి పెట్టి, అక్కడి నుంచి ఒక పైపును బండి సొంత ట్యాంకుకు, ఇంకో పైపును యంత్రాలకు ఇస్తే రెండు పనులూ ఒకేసారి తీరతాయని మా వెల్డింగు మేస్త్రి అంటున్నాడు. ట్యాంకు పైన ఉంటుంది కనుక డీజిలు తనంతట తానే కిందికి దిగుతుందని, మోటారు కూడా అవసరం లేదని ఆయన వాదన. జీఐ రేకుతో, అంటే జింకు పూత పూసిన ఇనుప రేకుతో చేస్తే తుప్పు పట్టదని కూడా చెబుతున్నాడు. ఈ పని ఇదివరకే చేయించినవారు లోటుపాట్లు చెబితే, రేకు కొనకముందే జాగ్రత్త పడతాను.

పాతపానా:

గాలిమర గారూ, రేకు కొనలేదు కదా, బతికించారు. జీఐ రేకు మాట ముందుగా తేల్చేస్తాను, ఎందుకంటే మన వైపు చాలామంది చేసే పొరపాటు అదే. నీళ్ల తొట్టికి జీఐ బంగారం వంటిదే, కానీ దాని మీది జింకు పూతకు, డీజిలుకు పొసగదు. డీజిలులోని ఆమ్లాంశాలు జింకును కొద్దికొద్దిగా కరిగించుకుంటాయి; ఆ కరిగినది ఫిల్టరు దాటి వెళ్లి, ఇంజనులోకి డీజిలు చిమ్మే ఇంజెక్టర్ల ముక్కు దగ్గర గట్టిపడుతుంది. పాత ఇంజన్లు ఇలాంటివి కొంత ఓర్చుకునేవి. మీది కామన్ రైలు ఇంజను, అంటే ‘రైలు’ అనే ఒకే అధిక పీడన గొట్టం నుంచి అన్ని ఇంజెక్టర్లకూ డీజిలు అందుతుంది; ఇంజెక్టరు రంధ్రం వెంట్రుకంత సన్నగా ఉంటుంది. రాగి పైపులు కూడా డీజిలును త్వరగా పాడుచేస్తాయి. మామూలు ఇనుప రేకు గానీ, మూడు మిల్లీమీటర్ల అల్యూమినియం రేకు గానీ వాడండి.

ఇక అసలు విషయానికి వస్తాను. రెండో ట్యాంకు అనగానే అందరూ ట్యాంకు గురించే ఆలోచిస్తారు, దాన్ని కలిపే పైపు గురించి ఆలోచించరు. డీజిలు ఇంజను తనకు కావలసినంత మాత్రమే లాక్కోదు. ఎక్కువ లాక్కుని, కాల్చగా మిగిలిన దాన్ని రిటర్న్ పైపు గుండా వెనక్కి పంపుతుంది. ఆ ప్రవాహమే పంపును, ఇంజెక్టర్లను చల్లబరుస్తుంది. అందువల్ల కొత్త ట్యాంకు నుంచి ఇంజనుకు వెళ్లే పైపును మాత్రమే మార్చి, రిటర్న్ పైపును పాత ట్యాంకుకే వదిలేస్తే, ఇంజను ఒక ట్యాంకును ఖాళీ చేస్తూ ఇంకో ట్యాంకును నింపుతుంది. పాత ట్యాంకు అప్పటికే నిండుగా ఉంటే డీజిలు మూత దగ్గర నుంచి, గాలిగొట్టం నుంచి రోడ్డు మీద పడుతుంది. కంపెనీయే రెండు ట్యాంకులు ఇచ్చే బండ్లలో పంపే పైపును, వచ్చే పైపును ఒకేసారి మార్చే ఆరు నోళ్ల వాల్వు ఉండేది ఇందుకోసమే.

మీ మేస్త్రి చెప్పిన పద్ధతి ఇది కాదు. ఆయన ఇంజనుకు కాకుండా పాత ట్యాంకులోకే దింపుతానంటున్నారు. దానిలో రిటర్న్ చిక్కు లేదు, కానీ ఇంకో చిక్కు ఉంది. పైనున్న 150 లీటర్లకు కింద 55 లీటర్లే నిండాయని ఎవరు చెబుతారు? కుళాయి కట్టేయడం మరిచిపోతే మిగిలిన డీజిలు దారి వెతుక్కుంటుంది. కుళాయి తెరిచి ఉన్నప్పుడు బంకులో మామూలు మూత గుండా డీజిలు పోయించుకున్నా ఇదే గతి. ఒక రైతు బండికి ఇలాగే చేయించుకుని, రాత్రి కుళాయి తిప్పి భోజనానికి వెళ్లి, నిద్రపోయాడు. తెల్లారి నా షెడ్డుకు బండి తెచ్చినప్పుడు టైర్లతో సహా డీజిలు వాసన. రబ్బరు బుష్‌లు ఉబ్బిపోయి మార్చాల్సి వచ్చింది.

గాలి విషయం కూడా చెప్పాలి. ట్యాంకులోకి గాలి వచ్చే గొట్టం లేకపోతే కొంత డీజిలు దిగి ఆగిపోతుంది. బాటిల్‌ను తలకిందులు చేసినప్పుడు నీళ్లు గుటక గుటకగా పడటం చూసే ఉంటారు. గొట్టం ఉంటే బండి పల్టీ కొట్టినప్పుడు అందులో నుంచి డీజిలు కారుతుంది. కనుక తలకిందులైనప్పుడు గుండు పడి మూసుకునే వాల్వు ఉన్న గాలిగొట్టమే పెట్టాలి, దాని నోరు ధూళి పడకుండా కిందికి వంచి ఉండాలి.

ఈ పైపులను ఇంజను పంపు దారిలో మాత్రం ఎక్కడా కలపవద్దు. ఒక జాయింటులో సన్నగా గాలి లాగినా బండి ఉదయం పట్టుకోదు, చేత్తో డీజిలు ఎక్కించే హ్యాండ్ ప్రైమర్ నొక్కీ నొక్కీ బొటనవేలు వాస్తుంది. అధిక పీడన పంపుకు డీజిలే నూనె. కొంతసేపు అది ఎండితే లోపలి లోహం అరిగి, ఆ పొడి రైలు గొట్టం నుంచి ఇంజెక్టర్ల దాకా పాకుతుంది. ఆ బిల్లుతో ఇలాంటి ట్యాంకులు చాలా చేయించవచ్చు.

రవాణా_విశ్రాంత:

రవాణా శాఖలో చాలా ఏళ్లు పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాడిని. పై మిత్రుడు యంత్రం సంగతి చక్కగా చెప్పారు కనుక నేను కాగితం సంగతి చెబుతాను.

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షను ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని యజమాని మార్చకూడదు. దీని మీద భిన్నాభిప్రాయాలు ఉండేవి గానీ, 2019 జనవరిలో కేరళకు సంబంధించిన ఒక కేసులో సుప్రీంకోర్టు, రిజిస్ట్రేషను సర్టిఫికెట్టులో నమోదైన వివరాలు తయారీదారు మూల వివరాలకు భిన్నంగా మారేలా మార్పులు చేయరాదని తేల్చింది. అదే ఏడాది చట్ట సవరణతో వచ్చిన 182ఎ సెక్షను నాలుగో ఉపవిభాగం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ విధించవచ్చని చెబుతోంది. ఇంధన వ్యవస్థకు కొత్త ట్యాంకును పైపుతో కలపడం నా దృష్టిలో మార్పే. రోడ్డు మీద ఆపిన ఇన్‌స్పెక్టరు కూడా దాన్ని మార్పుగానే రాస్తాడు. అంతకన్నా పెద్ద నష్టం బీమా. ఏదైనా మంట ప్రమాదం జరిగితే సర్వేయరు ముందుగా చూసేది కంపెనీ ఇవ్వని పైపు, కంపెనీ ఇవ్వని వైరు.

ఇక వేరే పాత్రలో డీజిలు తీసుకుపోవడం వేరే చట్టం కిందికి వస్తుంది. పెట్రోలియం చట్టం 1934లో డీజిలు బి తరగతికి చెందుతుంది. ఒక చోట మొత్తం 2,500 లీటర్లు మించకుండా, ఏ ఒక్క పాత్రా 1,000 లీటర్లకు మించకుండా ఉంటే, దాన్ని నిల్వ చేయడానికి, తరలించడానికి లైసెన్సు అక్కరలేదని ఏడో సెక్షను చెబుతోంది. మీ 150 లీటర్లు ఆ హద్దుకు చాలా లోపల ఉన్నాయి. అంటే ట్యాంకును బండిలో సామానుగా, పట్టీలతో బిగించి, బండి ఇంధన వ్యవస్థకు ఏ సంబంధమూ లేకుండా తీసుకుపోతే మీరు నిలబడే నేల గట్టిగా ఉంటుంది. ఆర్సీలోని మొత్తం బరువు మాత్రం మించకూడదు.

ఒక హెచ్చరిక. మీ సొంత యంత్రాలకు పోసుకోవడం వినియోగం. పక్క సైటు కాంట్రాక్టరుకు నాలుగు రూపాయలు వేసుకుని పోస్తే అది అమ్మకం అవుతుంది, దానికి 2005 నాటి మోటారు స్పిరిట్, హైస్పీడ్ డీజిల్ నియంత్రణ ఉత్తర్వు అడ్డం వస్తుంది. ఊరూరా తిరిగి డీజిలు పోసే బౌజర్లకు పెసో (పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) అనుమతి ఉంటుంది, అది మీ ట్యాంకుకు రాదు. మీరు ఉన్నది బళ్లారి పక్కనే కనుక ఇంకో మాట కూడా అంటాను. సరిహద్దు అవతల డీజిలు చవక అన్న సంగతి అధికారులకు కూడా తెలుసు. బంకు బిల్లు, పని ఉత్తర్వు నకలు బండిలో పెట్టుకుంటే ప్రశ్నలు తగ్గుతాయి.

డాలస్_దూడ:

నేను టెక్సాస్‌లో ఉంటున్నాను. ఉద్యోగం కంప్యూటర్ల ముందు, వారాంతం పదిహేను ఎకరాల గడ్డి మధ్య. ఫోర్డ్ ఎఫ్-250 డీజిలు బండికి వెనుక బాడీలో 50 గ్యాలన్ల ట్యాంకు, అంటే దాదాపు 190 లీటర్లది, పెట్టించుకుని ఐదేళ్లయింది. ఇక్కడ ఇది చాలా మామూలు విషయం కనుక రెండు రకాలను వేర్వేరు పేర్లతో పిలుస్తారు. బండి ట్యాంకులోకి డీజిలు దింపేది సహాయక ట్యాంకు, ట్రాక్టరుకు గొట్టంతో పోసేది బదిలీ ట్యాంకు. మీ మేస్త్రి గారు రెండింటినీ ఒకే కుళాయితో ముడివేయాలని చూస్తున్నారు. ఇక్కడ కూడా రెండు పనులూ చేసే ట్యాంకులు దొరుకుతాయి, కానీ వాటిలో రెండు దారులకూ వేర్వేరు వాల్వులు, వేర్వేరు మార్గాలు ఉంటాయి.

ఇక్కడి చట్టం వేరు కాబట్టి దాన్ని మీరు అనుసరించనక్కరలేదు గానీ, దాని వెనుక ఉన్న ఆలోచన పనికొస్తుంది. 119 గ్యాలన్లు, అంటే 450 లీటర్లు దాటిన పాత్రను పెద్దమొత్తం రవాణా కింద లెక్కిస్తారు, అందుకే అంగళ్లలో దొరికే ట్యాంకులు చాలావరకు ఆ అంకె లోపలే ఆగిపోతాయి. వాణిజ్య బండ్ల ఇంధన ట్యాంకు మామూలుగా నింపితే 95 శాతం దగ్గర ఆగేలా తయారు చేయాలని సమాఖ్య నిబంధన. ఆ మిగిలిన ఐదు శాతం ఎందుకో అనంతపురం ఎండ తెలిసినవారికి చెప్పనక్కరలేదు. డీజిలు ఒక్కో డిగ్రీ సెల్సియస్‌కు పదివేలింట ఎనిమిది వంతులకు కాస్త అటూఇటూగా, అంటే 0.08 శాతం వ్యాకోచిస్తుంది. తెల్లవారుజామున 25 డిగ్రీల దగ్గర మీ 150 లీటర్లు అంచు దాకా నింపితే, మధ్యాహ్నం 45 డిగ్రీలకు రెండున్నర లీటర్లు బయటికి రావలసిందే.

నా అనుభవం కూడా చెబుతాను. నాది గురుత్వాకర్షణతో దిగే కిట్టు. బండి ట్యాంకు నిండగానే తనంతట తాను మూసుకునే వాల్వు దానికి ఉంది. మూడో ఏడాది ఆ వాల్వులో ఒక చిన్న పెయింటు పెచ్చు ఇరుక్కుంది. ఉదయం లేచి చూస్తే ఇంటి ముందు కాంక్రీటు మీద చాప పరిచినంత మేర డీజిలు. పిల్లుల మలవిసర్జనకు వాడే మట్టి ఆరు సంచులు తెచ్చి చల్లి, ఊడ్చి, మళ్లీ చల్లాను. మరక ఇప్పటికీ ఉంది, మా అమ్మ భారతదేశం నుంచి వచ్చినప్పుడల్లా దాన్ని చూసి ముగ్గు వేస్తే కనపడదు కదా అంటుంది. ఆ తరువాత వాల్వు ముందు ఒక జల్లెడ ఫిల్టరు, దాని ముందు చేత్తో తిప్పే కుళాయి పెట్టించాను. బండి ఆపితే కుళాయి కట్టేయడం ఇప్పుడు తాళం వేసినంత అలవాటు.

ఇక్కడ పొలం యంత్రాలకు పన్ను లేని ఎర్రరంగు డీజిలు దొరుకుతుంది. రోడ్డు మీద తిరిగే బండి ట్యాంకులో ఆ రంగు కనిపిస్తే గ్యాలనుకు పది డాలర్లు లేదా వెయ్యి డాలర్లు, ఏది ఎక్కువైతే అది జరిమానా. అందుకే ఎర్ర డీజిలు మోసేవారు ట్యాంకును బండితో కలపనే కలపరు. మీ దగ్గర రంగు చిక్కు లేదు గానీ, పైన రవాణా శాఖ పెద్దాయన చెప్పిన కారణానికి మీరు చేయవలసింది కూడా అదే అనిపిస్తోంది.

గాలిమర:

ముగ్గురికీ ధన్యవాదాలు. మీ సమాధానాలు చదివాక నిన్న సాయంత్రం కాగితం మీద లెక్క వేసుకున్నాను. నా బండి లీటరుకు పన్నెండు ఇస్తుంది, అంటే 55 లీటర్లతో 600 కిలోమీటర్లు దాటి పోతుంది. ఈ ఆరు నెలల్లో ఒక్కసారి కూడా నా బండి డీజిలు లేక దారిలో ఆగలేదు. ఆగినవన్నీ జేసీబీలే. 76 నుంచి 55కు తగ్గించారన్న కోపంతో, లేని అవసరానికి పైపు వేయబోయానని ఒప్పుకుంటున్నాను. బండి ట్యాంకుకు కలిపే ఆలోచన మానుకున్నాను.

ఇప్పుడు వేరుగా మోసే ట్యాంకు గురించే అడుగుతాను. 12 వోల్టుల మోటారు, గొట్టం, తుపాకీ వంటి నాజిల్ కలిపిన సెట్టు దొరుకుతోంది. 150 లీటర్ల ఇనుప ట్యాంకు చేయిస్తే బరువు ఎంతవుతుంది, లోపల ఏమేమి ఉండాలి, మోటారుకు కరెంటు ఎక్కడి నుంచి తీయాలి?

పాతపానా:

డీజిలు లీటరు 830 గ్రాముల చొప్పున చూస్తే 150 లీటర్లకు 125 కిలోలు. మీటరు పొడవు, అర మీటరు వెడల్పు, ముప్ఫై సెంటీమీటర్ల ఎత్తు పెట్టెను మూడు మిల్లీమీటర్ల ఇనుముతో చేస్తే రేకే 45 కిలోలు, లోపలి అడ్డుపలకలతో 50 అవుతుంది. అల్యూమినియం అయితే దానిలో మూడో వంతు. ఇనుముతో మొత్తం 175 కిలోలు వెనుక కూర్చుంటాయి కనుక మీరు మొదట అనుకున్నట్టే క్యాబిన్ గోడకు ఆనించి, వెనుక ఇరుసుకు ముందు ఉంచండి.

అడ్డుపలకలు తప్పనిసరి. సగం నిండిన ట్యాంకుతో బ్రేకు వేస్తే అరవై కిలోల డీజిలు ఒక్కసారిగా ఒక గోడను గుద్దుతుంది, వెల్డింగు అక్కడే విచ్చుకుంటుంది. పొడవును మూడు గదులు చేస్తూ రెండు పలకలు పెట్టి, వాటికి అడుగు మూలల్లో డీజిలు పారేలా, పై మూలల్లో గాలి పోయేలా కోతలు పెట్టమనండి. వెల్డింగు అయ్యాక నీళ్లతో కాకుండా, సబ్బునురగ రాసి చాలా తక్కువ గాలి ఒత్తిడితో పరీక్షించాలి. నీళ్లు పోస్తే మూలల్లో మిగిలిపోయి తరువాత మీ జేసీబీ ఫిల్టరులో తేలతాయి. డీజిలు ఒకసారి పోసిన ట్యాంకుకు మళ్లీ వెల్డింగు అవసరమైతే మాత్రం మామూలు షాపుకు తీసుకుపోవద్దు. ఖాళీ ట్యాంకులోని ఆవిరే ప్రమాదం.

డీజిలును కుళాయితో అడుగు నుంచి కాకుండా, పైనుంచి దించిన గొట్టంతో మోటారు లాగేలా చేయండి. గొట్టం చివర అడుగుకు రెండు వేళ్ల ఎత్తులో ఆగాలి, అప్పుడు నీరు, మడ్డి కింద ఉండిపోతాయి. వాటిని తీయడానికి అడుగున ఒక చిన్న డ్రెయిన్ కాక్ చాలు, దానికి తాళం వేసే ఏర్పాటు ఉంటే ఇంకా మంచిది. మోటారు తరువాత నీటిని వేరుచేసే ఫిల్టరు పెట్టండి. పారదర్శకంగా ఉండే పీవీసీ గొట్టం ఎండకు ఆరు నెలల్లో ఎండుపుల్ల అవుతుంది. డీజిలుకు పనికొచ్చే నైట్రైల్ రబ్బరు గొట్టమే కొనండి.

కరెంటు బ్యాటరీ నుంచి క్లిప్పులతో తీయండి, క్లిప్పు దగ్గరే ఫ్యూజు ఉండాలి. బండి వైరింగును కోయవద్దు, లేకపోతే పెద్దాయన చెప్పిన సర్వేయరు దాన్నే ఫొటో తీస్తాడు. ట్యాంకు కింద మీ బాడీలో ప్లాస్టిక్ లైనరు ఉందా? ఉంటే ట్యాంకుకు, ఛాసిస్‌కు మధ్య ఒక అల్లిన రాగి పట్టీ బిగించండి. లైనరు వల్ల ట్యాంకుకు భూమితో సంబంధం తెగిపోయి, పోసేటప్పుడు పుట్టే స్థిర విద్యుత్తుకు దారి ఉండదు. ప్లాస్టిక్ క్యాన్లను కూడా ఆ లైనరు మీద ఉంచి నింపవద్దు, నేల మీద దించి నింపండి.

గాలిమర:

లైనరు ఉంది. పట్టీ సంగతి మీరు చెప్పకపోతే నాకు తట్టేదే కాదు. మేస్త్రితో ఈ ఉదయం మాట్లాడాను. జీఐ వద్దన్నందుకు కాస్త చిన్నబుచ్చుకున్నాడు గానీ, అడ్డుపలకల బొమ్మ గీసి చూపిస్తే, లారీ ట్యాంకులో ఇలాగే ఉంటాయి కదా అని తానే ఒప్పుకున్నాడు. 150 లీటర్ల పెట్టె చేసి 140 దగ్గర లోపలి గోడకు గుర్తు పెట్టమన్నాను. మోటారు సెట్టు రాగానే ఫొటోలు పెడతాను. పాతపానా గారూ, డ్రెయిన్ కాక్ డ్రైవరు వైపు ఉండాలా, అవతలి వైపా?

పాతపానా:

ఎడమ వైపు పెట్టండి. రోడ్డు పక్కన ఆపి మడ్డి తీసేటప్పుడు మీరు లారీల వైపు వీపు పెట్టి వంగకూడదు.